నీలి నైలు ఒడ్డున వలిసె పూలు

మధ్యాహ్నం భోజనాలయి, గిన్నెలు సర్దుకుని, ఓ పావుగంట నడుం వాల్చే వేళ కదా ఇది! పడుకునే వినండి, ఫరవాలేదు. మిమ్మల్ని చాలా దూరం తీసుకువెళ్ళబోతున్నాను.

నేను ఆఫ్రికా వెళ్ళొచ్చేనంటే మా వీధిలో ఇప్పటికీ కొందరు నమ్మరు. విశాఖపట్నం దాటి తిరుపతి వెళ్ళడానికే పది రోజుల ముందునించి పెట్టె సర్దుకునే మనిషిని నేను. అయితే మా ఆఖరి మరిది ఇథియోపియా దేశంలో బహిర్ దార్ అనే ఊళ్ళో యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చెప్పేవాడు. మన తెలుగువాళ్ళు ఆ దేశంలో మేష్టర్లుగా చాలామందే పనిచేసేరు. మా తోడికోడలికి రెండో కాన్పు తరవాత ఒంట్లో నలతగా ఉంటే, సాయంగా ఉంటానని 2018 అక్టోబరులో వెళ్ళేను. ఆరు వారాలు ఉన్నాను. అందులో ఒక్క బుధవారం సంగతి మాత్రం మీకు చెబుతాను.

బహిర్ దార్ పెద్ద ఊరే. తానా అనే మహా సరస్సు ఒడ్డున ఉంది. మూడు వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు నీళ్ళు! అవతలి గట్టు కనపడదు. సముద్రమట్టానికి 1,800 మీటర్ల ఎత్తు, అంటే మన అరకుకి దాదాపు రెండింతలు. ఆ సరస్సులోంచే నీలి నైలు బయలుదేరుతుంది. ఈజిప్టుకి చేరే నైలు నీళ్ళలో నూటికి 80 వంతులకి పైగా ఇథియోపియా కొండలనించి వచ్చేవేనట, అందులో పెద్ద వాటా దీనిదే. ఈ నదిని అక్కడివాళ్ళు ఏమంటారో తెలుసా? 'అబ్బాయ్' అంటారు. మొదట్లో మా తోడికోడలు “అబ్బాయ్‌ని చూడ్డానికి వెళదాం అక్కా” అంటే, పిల్లాడు ఉయ్యాల్లోనే ఉన్నాడు కదా అనుకున్నాను. మనకి నదులన్నీ అమ్మలు. వాళ్ళకి ఆ నది తండ్రిలాటిది. బైబిల్లో చెప్పిన గిహోను నది ఇదేనని వాళ్ళ చర్చి నమ్మకం. అంచేత భక్తి కూడా ఎక్కువే.

ఆ నది సరస్సు విడిచి ముప్ఫై కిలోమీటర్లు పోయేక ఓ కొండ అంచునించి కిందికి దూకుతుంది. ఆ జలపాతం పక్కనున్న చిన్న ఊరే తిస్ అబ్బాయ్. 'తిస్' అంటే పొగ. నీటి తుంపర పొగలా లేస్తుంది కనక ఆ పేరు.

డ్రైవరు కుర్రాడు ముందు రోజు సాయంత్రం వచ్చి, “రేపు ఒంటిగంటకి వస్తాను” అని ఇంగ్లీషులో చెప్పి పోయేడు. సరే, భోజనం చేసి వెళ్ళొచ్చని నేను నిదానంగా లేచి, తలకి నూనె రాసుకుని కూర్చున్నాను. ఉదయం ఏడింటికి గుమ్మంలో హారను! తోడికోడలు ఒకటే నవ్వు. అక్కడ పొద్దు పొడిచిన దగ్గర్నించి గంటలు లెక్కపెడతారు. మన ఏడు వాళ్ళకి ఒకటి, మన మధ్యాహ్నం పన్నెండు వాళ్ళకి ఆరు. ఆలోచిస్తే అదే సబబు అనిపించింది. అర్ధరాత్రి అందరూ నిద్రపోతూ ఉంటే రోజు మొదలవడం ఏమిటి? వాళ్ళ కేలెండరు మరీ విడ్డూరం, పదమూడు నెలలు. మన 2018 అక్టోబరు వాళ్ళకి 2011. అక్కడున్నన్నాళ్ళూ నా వయసులో ఏడేళ్ళు తీసేసి చెప్పుకున్నాను, అడ్డుకున్నవాళ్ళు లేరు.

నూనె తలతోనే బయలుదేరేను. ఆ రోజుల్లో అది మట్టిరోడ్డు. గంటకి పైనే పట్టింది. దారి పొడుగునా గాడిదలు, మేకలు, నీలగిరి చెట్లు, భుజాలమీద కర్రలు వేసుకుని సంతకి నడిచే జనం. ఓ మలుపు తిరిగేసరికి నా నోటమ్మట గట్టిగా “వలిసె పూలు!” అని వచ్చేసింది. కారు ఆపించేను. విశాఖ జిల్లావాళ్ళకి చెప్పక్కర్లేదు, శీతాకాలం మొదట్లో అరకు వెళితే కొండ వాలు అంతా పసుపు ఆరబోసినట్టు ఉంటుందే, ఆ పువ్వే! ఆ రంగే, ఆ ఎత్తే. వాళ్ళు 'నూగ్' అంటారు. గింజలు గానుగాడి నూనె తీస్తారు. మా మరిది చెప్పేడు, ఈ పంట పుట్టిల్లే ఇథియోపియా అట, పూర్వం ఎప్పుడో అక్కణ్ణించే మన దేశానికి వచ్చిందట. కాఫీ పుట్టిల్లూ అదే కదా. అంటే అరకులో మనం మురిసిపోయే రెండూ ఆ కొండలవే. ఇన్నాళ్ళూ ఆఫ్రికా అంటే ఎడారీ, సింహాలూ, కరువూ అనుకున్న నాకు కొంచెం సిగ్గేసింది.

ఊరు చిన్నదే. రేకుల కప్పులు, కర్రలూ మట్టీ కలిపి లేపిన గోడలు, వాటికి ఆకుపచ్చా నీలం రంగులు. నాలుగు టీ దుకాణాలు. సంతలో మిరపకాయలు, ఉల్లిపాయలు, శెనగలు నేలమీద పోసుకుని కూర్చున్న ఆడవాళ్ళు. ఒంటిమీద తెల్లటి నూలు పైబట్ట, నెతెలా అంటారు, అంచున రంగుల నేత. మన పంచె కండువాలా పల్చగా ఉంటుంది. నా చీర చూసి నలుగురు చేరి, అంచు పట్టుకుని తడిమి చూసేరు. నేనూ వాళ్ళ అంచు పట్టుకుని చూసేను. భాష లేకపోతేనేం, నేత ఎలా ఉందో చూసుకోడానికి ఆడవాళ్ళకి మాటలెందుకు?

ఊరునించి కొంతదూరం నడిచి, ఓ పాత రాతి వంతెన దాటాలి. 17వ శతాబ్దంలో సుసెన్యోస్ చక్రవర్తి కాలంలో, పోర్చుగీసువాళ్ళు ఆ దేశంలో ఉన్నప్పుడు కట్టింది. సున్నంలో కోడిగుడ్లు కలిపి కట్టేరని మా డ్రైవరు చెప్పేడు. మన కోటల గురించీ ఇలాగే చెబుతారు! కింద నది ఇరుకు లోయలో పడి గింగిరాలు తిరుగుతూ పోతోంది. దాటి, చిన్న గుట్ట ఎక్కితే ఎదురుగా జలపాతం.

సుమారు 40 మీటర్ల ఎత్తు. వరద రోజుల్లో 400 మీటర్ల వెడల్పున పడుతుందని పుస్తకాల్లో ఉంది. నేను చూసినప్పుడు ఓ పక్క ఎర్రటి నీళ్ళు నిండుగా దూకుతున్నాయి, రెండో పక్క నల్లటి రాయి బయటపడి ఉంది, మధ్యలో అక్కడక్కడ సన్నపాయలు. హోరు బాగానే ఉంది, ఇంద్రధనుస్సు కూడా కనపడింది. మొహాలు తడిసేయి. నాకు చాలా బాగుంది. కాని మా తోడికోడలు పర్సులోంచి ఓ పాత ఒక బిర్ర్ నోటు తీసి చూపించింది. బిర్ర్ అంటే వాళ్ళ రూపాయి. తరవాత దాని బదులు నాణెం వచ్చింది. ఆ నోటు వెనక ఈ జలపాతం బొమ్మే ఉంది. బొమ్మలో కొండ అంచు ఈ కొసనించి ఆ కొసదాకా నీళ్ళే.

“మిగతా నీళ్ళేవీ?” అని అడిగేను.

మా మరిదిని అలాంటిది అడిగితే క్లాసు మొదలెడతాడు. కొంచెం కుదించి చెబుతాను. జలపాతం పక్కన 1964లో ఓ చిన్న కరెంటు స్టేషను కట్టేరు, 11 మెగావాట్లు చిల్లర. బహిర్ దార్‌లో బట్టల మిల్లుకీ ఊరికీ సరిపోయేది. అది తాగే నీళ్ళెంత! తరవాత 1990లలో సరస్సు మూతి దగ్గరే గేట్లు పెట్టి నీటిని అదుపులోకి తెచ్చేరు. 2001లో ఇంకో స్టేషను, 73 మెగావాట్లది, వచ్చింది. కొండమీదనించి పడవలసిన నీటిని కాలవలోకి మళ్ళించి యంత్రాల మీదికి పంపేరు. ఎండాకాలంలో జలపాతం దారంపోగులా అయిపోయేది. 2010లో సరస్సు అవతలి పక్కనించి సొరంగంలో నీళ్ళు తీసుకుని 460 మెగావాట్ల మరో కేంద్రం మొదలెట్టేక ఇక్కడి యంత్రాలకి పని తగ్గింది. అంచేత కొంత నీరు మళ్ళీ అంచుమీదికి వస్తోంది. “అదీ వదినా సంగతి” అన్నాడు.

నాకు వెంటనే డుడుమ గుర్తుకొచ్చింది. మా పెద్ద మావయ్య కరెంటు డిపార్టుమెంటులో ఉండేవాడు. చిన్నప్పుడు మమ్మల్ని మాచ్‌ఖండ్ తీసుకువెళ్ళి, ఒరిస్సా సరిహద్దులో ఆ జలపాతం చూపించేడు. 1955లో అక్కడ విద్యుత్కేంద్రం మొదలయింది. నదికి పైన జలాపుట్ దగ్గర ఆనకట్ట. అక్కడా పాతవాళ్ళు “ఇదేం నీళ్ళు, మా రోజుల్లో చూడాలి” అనేవారు. ఆ కరెంటే కదా విశాఖపట్నం వచ్చింది! ఆ దీపం కింద కూర్చునే నేను పదో తరగతి పేసయ్యేను. ఆనకట్టలో ఊళ్ళు పోయిన గిరిజనులు ఏ దీపం కింద కూర్చున్నారో ఆ వయసులో నేను ఎవర్నీ అడగలేదు. మావయ్యా చెప్పలేదు.

నదిలో దిగి నాలుగు మునకలు వేద్దామని నాకు మహా కోరికగా ఉండేది. నైలు కదా మరి! ఒడ్డున చెంబు కూడా తీసేను. మరిది కేకలేసేడు. నీటి నత్తల వల్ల వచ్చే ఓ పురుగు చర్మంలోంచి లోపలికి దూరుతుందిట, పేగులు పాడవుతాయిట. సరేలెమ్మని తుంపరతోనే సరిపెట్టుకున్నాను. అది స్నానమే అనుకుంటే స్నానమే.

అసలు సంగతి ఇప్పుడొస్తోంది. డ్రైవరు కుర్రాడి పినతల్లి ఇల్లు ఆ దాపునే ఉంది. ఊరికి కొంచెం ఎడంగా, చేల మధ్య. “మా పిన్ని భోజనానికి రమ్మంది, తొమ్మిదింటికి” అన్నాడు. అంటే మన మూడు గంటలకన్నమాట. బుధవారం, శుక్రవారం వాళ్ళకి ఉపవాసం. అలాగని ఏమీ తినరని కాదు. మాంసం, గుడ్లు, పాలు, నెయ్యి ముట్టరు. నిష్ఠగా ఉన్నవాళ్ళు మూడింటిదాకా మంచినీళ్ళయినా తాగరు. నాబోటి శాకాహారులకి ఆ రెండు రోజులూ పండగే! అందుకే మా తోడికోడలు బుధవారం చూసి బయలుదేరదీసింది.

ఆవిడకి యాభై, యాభై అయిదు ఉంటాయి. గుమ్మంలో ఎదురొచ్చి, బుగ్గకి బుగ్గ ఆనించి పలకరించింది. నేలమీద పచ్చగడ్డి పరిచి ఉంది. అతిథులొస్తే అలా పరుస్తారు. పదకొండేళ్ళ పిల్ల, ఆవిడ మనవరాలు, పసుపు రంగు ప్లాస్టిక్ డబ్బా, పళ్ళెం పట్టుకొచ్చింది. భోజనానికి ముందు అతిథుల చేతులమీద నీళ్ళు పొయ్యడం వాళ్ళ మర్యాద.

నేను చేతులు కడుక్కున్నాను. దారిలో దుమ్ము, పైగా నూనె తల. మొహం కూడా కడుక్కున్నాను. మనకి కాళ్ళు కడుక్కోకుండా ఇంట్లో అడుగు పెట్టడం అలవాటు లేదు కదా, బయటికి వచ్చి కాళ్ళు చూపించేను. ఆ పిల్ల నవ్వుతూ పోసింది. మడమల దాకా మట్టి. “ఇంకొంచెం” అని చేత్తో సైగ చేసేను. పోసింది. పుక్కిలించి ఉమ్మేను కూడా. లోపలికి వచ్చేక మా తోడికోడలు నా వంక అదోలా చూసింది గాని ఏమీ అనలేదు.

ఆవిడ ఇంజెరా వేస్తోంది. టెఫ్ అనే గసగసాలంత చిరుధాన్యం పిండి కలిపి, రెండు మూడు రోజులు పులియబెట్టి, ఇంత వెడల్పు మట్టి పెనం మీద వెయ్యడం. పెనం పేరు మితాద్. చాకలి బానమూత అంత ఉంటుంది! నూనె గింజలు నూరిన పొడితో పెనం తుడిచి, పిండి బయటినించి లోపలికి చుట్టుతూ పోసి, మూత పెట్టింది. తిరగెయ్యరు. పైనంతా కన్నాలు కన్నాలుగా, మన దిబ్బరొట్టెకీ అట్టుకీ మధ్యలో ఉంటుంది. పులుపు మాత్రం అట్టుకి నాలుగు రెట్లు. దానిమీద శెనగపిండి కూర, షిరో అంటారు, కందిపప్పు లాంటి ఓ పప్పు, క్యాబేజీ కూర, అన్నీ వలిసె నూనెతో. కారం మనకి సరిపోయింది.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, అందరికీ కలిపి ఒకటే పళ్ళెం. మా అమ్మ బతికుంటే ఏమనేదో! ఎంగిలి, మడి అంటూ పెరిగిన ప్రాణం. నా పక్కనున్న అంచునించి చిన్న ముక్క తుంపుకుని నెమ్మదిగా తింటున్నాను. ఆవిడ కనిపెట్టింది. పెద్ద ముద్ద చుట్టి, నా నోటి దగ్గరికి తెచ్చింది. గుర్షా అంటారు దాన్ని. వద్దంటే చిన్నబుచ్చినట్టు. చిన్నప్పుడు అమ్మ పెట్టే గోరుముద్ద తరవాత నా నోట్లో ఇంకొకరు అన్నం పెట్టింది లేదు. ముప్ఫై ఏళ్ళుగా అందరికీ వడ్డించడమే కదా మన పని! నోరు తెరిచేను. తరవాత నేనూ ఓ ముద్ద చేసి ఆవిడకి పెట్టేను. గట్టిగా నవ్వింది.

భోజనమయ్యేక కాఫీ. అదో పెద్ద తంతు. పచ్చి గింజలు కడిగి, మన ఎదురుగానే వేయించి, ఆ పొగ అందరి మొహాల ముందుకీ తెచ్చి వాసన చూపించి, రోట్లో దంచి, పొడుగు మెడ మట్టి కూజాలో మరిగిస్తారు. పక్కన సాంబ్రాణి, పేలాలు. ఒక్కసారి తాగితే చాలదు. అదే పొడిమీద నీళ్ళు పోసి మూడుసార్లు ఇస్తారు, మూడోదానికి ఆశీర్వాదం అని పేరు. పాలు లేవు, ఉపవాసం కదా.

మొదటి కప్పు అయ్యేక, కూజాలో పొయ్యడానికి నీళ్ళకోసం ఆవిడ డబ్బా వంచింది. ఖాళీ. మనవరాలివైపు చూసింది. పిల్ల ఆ ఖాళీ డబ్బా తాడుతో వీపుకి కట్టుకుని, గుమ్మం దాటి పరిగెత్తింది. ఎక్కడికి వెళుతోందని అడిగేను. ఊట ఉంది, కింద, వెళ్ళడానికి పావుగంట, నిండు డబ్బాతో ఎక్కి రావడానికి అరగంట అన్నాడు డ్రైవరు. ఇరవై లీటర్ల డబ్బా అది. పొద్దున్న ఒకటి తెచ్చిందట, అది వంటకి అయింది. బడినించి వచ్చేక అతిథులొస్తారని రెండోది తెచ్చిందట. ఆ రెండోదే నా కాళ్ళకి పోసింది.

బయట జలపాతం హోరు వినిపిస్తూనే ఉంది.

ముప్పావుగంట కూర్చున్నాం. నాకు తల ఎత్తాలనిపించలేదు. ఆవిడకి ఏ కోపమూ లేదు. కబుర్లు చెబుతూనే ఉంది. తను పెళ్ళయి వచ్చిన కొత్తలో ఈ ఇంట్లో మాట్లాడుకోవాలంటే అరవాల్సి వచ్చేదట, తుంపర ఇక్కడిదాకా వచ్చి ఉతికిన బట్టలు ఆరేవి కావట. “ఇప్పుడు బాగా ఆరుతున్నాయి” అంది. వాకిట్లోంచి చూస్తే చేలమీదుగా కరెంటు తీగలు బహిర్ దార్ వైపు పోతున్నాయి. ఆవిడ ఇంటికి మాత్రం కరెంటు లేదు. ఊళ్ళో ఉంది, ఇక్కడిదాకా స్తంభాలు వెయ్యలేదు. పట్నంలో ఉన్న పెద్ద కోడలు కరెంటు మితాద్ మీద వేస్తుందట, పొగ లేదట, పది నిమిషాల్లో అయిపోతుందట. ఆవిడ కళ్ళు ఎర్రగా, నీరు కారుతూనే ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళ కట్టెల పొగ.

“నీళ్ళు మళ్ళించినందుకు బాధ లేదా?” అని అడిగించేను.

“పిల్లలు చదువుకోవద్దా? దీపం కావాలి కదా” అంది. తరవాత ఓ మాట అంది, డ్రైవరు కుర్రాడు చెప్పడానికి కాస్త తటపటాయించేడు. “నీళ్ళు నా గుమ్మం ముందునించే పోయేయి. వెలుగు మాత్రం నన్ను దాటిపోయింది.”

అయినా సూడాను సరిహద్దు దగ్గర ఇదే నదిమీద 2011లో మొదలెట్టిన పెద్ద ఆనకట్టకి ఆవిడ కూడా బాండు కొంది. ఆ దేశంలో జీతగాళ్ళూ, రైతులూ, అంతా తలో కాస్తా వేసుకున్నారు. ఆ కాయితం మడతపెట్టి, మేరీమాత పటం వెనక దాచింది. తీసి చూపించింది.

పిల్ల వచ్చింది. డబ్బా దింపడానికి నేను లేచి చెయ్యి వేసేను. పెట్టలేకపోయేను, అంత బరువు. రెండో కప్పు, మూడో కప్పు తాగేను. బయలుదేరేటప్పుడు మళ్ళీ చేతులు కడుక్కోమని ఆ పిల్ల డబ్బా పట్టుకుని నిలబడింది. వేళ్ళ కొసలు తడిపి తీసేసేను. అది చూసి ఆవిడ పిల్లని ఏదో గదమాయించింది, సరిగా పొయ్యలేదని కాబోలు! పాపం, నావల్ల దానికి రెండు రకాలా కష్టమే వచ్చింది.

మా మరిదివాళ్ళు 2021లో తిరిగి వచ్చేసేరు. 2023 ఆగస్టునించి ఆ ప్రాంతంలో సైన్యానికీ అక్కడి సాయుధులకీ పోరు మొదలయింది. ఫోన్లు కూడా కలవని రోజులున్నాయి. అందుకే మీరూ వెళ్ళి చూడండని చెప్పడానికి నాకు ధైర్యం చాలదు. 2025 సెప్టెంబరులో ఆ పెద్ద ఆనకట్ట ప్రారంభించేరని, అయిదు వేల మెగావాట్లకి పైన వస్తుందని టీవీలో చెప్పగానే, తోడికోడలికి ఫోను చేసి ఆ డ్రైవరు కుర్రాణ్ణి ఎలాగైనా పట్టుకోమన్నాను. నాలుగు రోజులకి దొరికేడు. పిన్ని బాగానే ఉందట. ఇంటికి దీపం వచ్చిందట, రెండు బల్బులు. ఇంజెరా మాత్రం ఇంకా కట్టెల మీదే, కరెంటు మితాద్ ఖరీదు ఎక్కువట. మనవరాలు బహిర్ దార్‌లో అత్త దగ్గర ఉండి చదువుకుంటోందట. మరి నీళ్ళెవరు తెస్తున్నారు అని అడగమన్నాను. “పిన్నే” అన్నాడట.

చీర కట్టుకున్నావిడ మళ్ళీ ఎప్పుడొస్తుందని ఆవిడ అడుగుతూ ఉంటుందట. ఈసారి ఆగస్టులో రమ్మందట, జలపాతంలో నీళ్ళు బాగా ఉంటాయని.